విమానం తలుపు ఎన్ని గంటలకు తీశారు?

మా అమ్మకు ఒక అలవాటు ఉంది. ప్రయాణంలో ఎక్కడ దిగినా, కాలు కింద పెట్టకముందే అక్కకు కబురు అందాలి. ఆ తెల్లవారుజామున విమానం ఆగి, ముందు తలుపు తీయగానే, నన్ను మోచేత్తో పొడిచి "అక్కకు చెప్పు, తలుపు తీశారని" అంది. నిద్ర లేక నా కళ్లు మండుతున్నాయి. విసుక్కుంటూనే ఫోను తీసి "తలుపు తీశారు. దిగుతున్నాం" అని కొట్టి పంపాను. ఫోనులో సమయం 6 గంటల 38 నిమిషాలు. ఆ రెండు ముక్కల విలువ 600 యూరోలని తెలియడానికి ఏడు నెలలు పట్టింది.

ప్రయాణం ఐరోపా సమాఖ్యలోని ఒక నగరం నుంచి. మధ్యలో సమాఖ్యకు బయట మరో దేశంలో విమానం మారి ఇంటికి రావాలి. రెండు విమానాలూ ఒకే సంస్థవి, టికెట్టు ఒకటే, బుకింగ్ సంఖ్య ఒకటే. ఈ ఒకటే అన్న మాట తరవాత చాలా పనికొచ్చింది. సంస్థ ఐరోపాది కాదు. పేరు చెప్పను. ఈ విషయంలో దానికీ మిగతావాటికీ పెద్ద తేడా ఉంటుందని నాకు అనిపించడం లేదు.

బయలుదేరవలసింది ఉదయం 10 గంటల 40 నిమిషాలకు. పదిన్నరకు బోర్డు మీద 11:20 అని మారింది. తరవాత 12:00 అయింది. ఆ తరవాత సమయం చూపడమే మానేసి, త్వరలో తెలియజేస్తామన్న మాట ఒకటి వేలాడదీశారు. పన్నెండున్నర దాటాక ఎక్కించారు, 12:50కి కదిలింది. రెండో విమానానికి మధ్యలో మాకున్న వ్యవధి గంటా ముప్ఫై అయిదు నిమిషాలు. అది పోతుందని గేటు దగ్గరే అర్థమైంది.

నిలబడి నిలబడి విసుగెత్తి చుట్టూ ఉన్న ప్రతి అక్షరమూ చదవడం మొదలుపెట్టాను. చెక్ ఇన్ కౌంటరు పక్కన, సామాను బరువుల పట్టిక కింద, ఎవరూ చూడని ఎత్తులో ఒక నోటీసు అంతకుముందే కంటపడింది. విమానం రద్దయినా, కనీసం రెండు గంటలు ఆలస్యమైనా, మీ హక్కులు వివరించే పత్రాన్ని కౌంటరులో గానీ గేటు దగ్గర గానీ అడగండి అని అందులో ఉంది. సంస్థలు ఈ నోటీసు పెట్టి తీరాలి. ఐరోపా సమాఖ్య 261/2004 నిబంధనలోని 14వ అధికరణం అలా చెబుతుంది. రెండు గంటలు దాటితే ఆ పత్రాన్ని ప్రయాణికుల చేతికి ఇవ్వాలి కూడా. మా గేటు దగ్గర ఎవరికీ ఇవ్వలేదు. అడిగితే అక్కడున్న ఆమె నన్ను కొంచెం జాలిగా చూసి, "వెబ్‌సైటులో ఉంటుంది" అంది. కాఫీ కూపన్లు మాత్రం అడగకుండానే ఇచ్చారు.

విమానం మారే చోట మా తరవాతి విమానం వెళ్లిపోయి గంట కూడా కాలేదు. బదిలీ కౌంటరులో నాలుగు గంటల తరవాతి విమానంలో సీట్లు వేశారు. వరసలో నా ముందున్న వాళ్లందరూ కొత్త బోర్డింగ్ పాసు పుచ్చుకుని వెళ్లిపోతున్నారు. నేను మాత్రం ఆలస్యానికి కారణం కాగితం మీద రాసి ఇమ్మన్నాను. ఇంత ముందుచూపు నాకు ఎక్కడ నుంచి వచ్చిందంటే, ఉద్యోగరీత్యా ఏళ్ల తరబడి సరుకుల రవాణా బిల్లులు చూసినవాణ్ని. నోటిమాట మీద నమ్మకం పోయి చాలా కాలమైంది. కౌంటరులో కుర్రాడు మర్యాదస్థుడు. ఆలస్య ధ్రువపత్రం అని ఒకటి ఉంటుందట, అడిగిన వాళ్లకే ఇస్తారట. మీట నొక్కాడు, అర పేజీ కాగితం బయటికొచ్చింది. విమానం సంఖ్య, తేదీ, ఆలస్యం, చివరి వరసలో కారణం: సాంకేతికం. ఆ ఒక్క మాట ఉన్న కాగితాన్ని అమ్మ తన కళ్లజోడు పెట్టెలో మడిచి పెట్టింది. బోర్డింగ్ పాసులు అప్పటికే అందులో ఉన్నాయి.

ఇంటికి చేరవలసింది రాత్రి రెండున్నరకు. చేరింది పొద్దున. చక్రాలు నేలను తాకింది 6:22కి, అంటే 3 గంటల 52 నిమిషాల ఆలస్యం. ఆ తరవాత నిలిపే చోటు ఖాళీ లేదని విమానాన్ని దారిలోనే కాసేపు ఉంచారు. తలుపు తీసింది, అమ్మ పుణ్యమా అని నాకు లెక్క తెలిసినంతవరకు, 6:38కి.

ఇక క్లెయిము. పరిహారం మొత్తాలు నిబంధనలోనే ఉన్నాయి, టికెట్టు ధరతో వాటికి సంబంధం లేదు. 1500 కిలోమీటర్ల లోపు అయితే 250 యూరోలు. సమాఖ్య లోపల అంతకు మించిన దూరానికీ, బయటికి 3500 దాకానూ 400. అది దాటితే 600. దూరాన్ని విమానం తిరిగిన దారి బట్టి కాక, భూగోళం మీద దారం లాగి కొలిచినట్టు మొదటి ఊరు నుంచి చివరి ఊరికి కొలుస్తారు. మాది 3500 కన్నా చాలా ఎక్కువ. ప్రతి ప్రయాణికుడికీ విడివిడిగా వస్తుంది కనుక ఇద్దరికీ కలిపి 1200. చిత్రమేమిటంటే 2004లో రాసిన ఆ నిబంధన రద్దయిన విమానాలకూ, టికెట్టు ఉన్నా ఎక్కనివ్వని ప్రయాణికులకూ మాత్రమే డబ్బు అంటుంది; ఆలస్యానికి డబ్బు మాట అందులో లేదు. గమ్యానికి మూడు గంటలు, అంతకు మించి ఆలస్యంగా చేరినవాడి కష్టం కూడా రద్దు వల్ల పడే కష్టం లాంటిదే అని 2009 నవంబరులో స్టర్జన్ కేసులో ఐరోపా న్యాయస్థానం చెప్పాకే ఆలస్యానికి దారి తెరుచుకుంది. రద్దు విషయంలోనైతే 14 రోజుల ముందే చెబితే పరిహారం ఉండదు.

సంస్థ వెబ్‌సైటులో పరిహారం అన్న మాట కోసం వెతికితే 'ప్రశంసలు, సలహాలు' అన్న విభాగంలోకి తీసుకెళ్లింది. ఫారం నింపుతుంటే ఐబ్యాన్ సంఖ్య, అంటే అంతర్జాతీయ బ్యాంకు ఖాతా సంఖ్య, లేనిదే ముందుకు కదలనంది. ఆ సంఖ్య వాడని దేశాలు చాలా ఉన్నాయి, మా బ్యాంకు ఉన్నది అలాంటి దేశంలోనే. బ్యాంకు గడిలో వరసగా సున్నాలు కొట్టి, వివరాల గడిలో ఖాతా సంఖ్య, స్విఫ్ట్ కోడు రాశాను. ఇద్దరి పేర్లు, బుకింగ్ సంఖ్య, తేదీ, అనుకున్న సమయం, చేరిన సమయం, అడుగుతున్న మొత్తం, ఏ నిబంధన కింద అడుగుతున్నదీ, అంతే. నా బాధ, అమ్మ మోకాళ్ల నొప్పి, కుర్చీల్లో కూర్చున్న గంటలు మొదటి చిత్తులో ఉన్నాయి. రెండోసారి చదివి తీసేశాను. బాధకు జవాబుగా సానుభూతి వస్తుంది. నాకు కావలసింది సానుభూతి కాదు. మధ్యలో తిన్న తిండి బిల్లు 31 యూరోలు వేరే వరసలో వేశాను, ఎందుకంటే అది పరిహారం కాదు, ఖర్చు.

అయిదు వారాలకు మొదటి జవాబు వచ్చింది. తిండి ఖర్చు 31 యూరోలు వెంటనే చెల్లిస్తామన్నారు. దాని కిందే ఇద్దరికీ చెరో 150 యూరోల ప్రయాణ వోచరు, మా సద్భావనకు గుర్తుగా, పూర్తి పరిష్కారంగా అని ఉంది. ఆలస్యానికి కారణం విమానాల రాకపోకల నియంత్రణ ఆంక్షలట. అది అసాధారణ పరిస్థితి కనుక పరిహారం వర్తించదట. నేను ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. తరవాత అమ్మ కళ్లజోడు పెట్టె తెరిచాను.

వోచరు సంగతి ముందు చెబుతాను. డబ్బుకు బదులు వోచరు ఇవ్వాలంటే ప్రయాణికుడు సంతకం చేసి ఒప్పుకోవాలి. నిబంధనలో 7వ అధికరణం ఆ మాట స్పష్టంగా చెప్పింది. మీటను నొక్కితే ఒప్పుకున్నట్టే అనే లంకె ఒకటి ఆ ఉత్తరంలో ఎంతో ఆకర్షణీయమైన రంగులో పెట్టారు. మాతోపాటు అదే విమానంలో వచ్చిన ఒకాయన, భార్యాభర్తలూ ఒక బిడ్డా, ముగ్గురికీ అదే నొక్కేశారు. ఏడాది గడువు. ఆ ఏడాదిలో వాళ్లు ఎక్కడికీ వెళ్లలేదు. ఇప్పటికీ కనబడినప్పుడల్లా ఆయన మాట మారుస్తారు.

31 యూరోలు తీసుకుంటున్నాను, ఇది పూర్తి పరిష్కారం కాదు అని రాసి, కారణం సాంకేతికం అని వాళ్ల కౌంటరులోనే ముద్రించిన కాగితాన్ని జత చేశాను. ఒక్క ప్రశ్న అడిగాను: నియంత్రణ ఆంక్షలు ఏ గంట నుంచి ఏ గంట వరకు, ఎవరు విధించారు?

దానికి జవాబు లేదు. మూడు వారాల తరవాత వచ్చిన ఉత్తరంలో ఆంక్షలు మాయమై సాంకేతిక లోపం ప్రత్యక్షమైంది. ముందు ఉత్తరం రాసిన వారూ ఈ ఉత్తరం రాసిన వారూ వేరు, ఒకరిది మరొకరు చదివినట్టు లేదు. అనూహ్యమైన సాంకేతిక లోపం, ప్రయాణికుల భద్రతే మాకు ప్రధానం, కనుక అసాధారణ పరిస్థితి అని తేల్చారు. ఇక్కడ చాలామంది వెనక్కి తగ్గుతారు. భద్రత అన్న మాట వినగానే మనం డబ్బు అడగడం తప్పేమో అనిపిస్తుంది. నాకూ ఒక పూట అలాగే అనిపించింది. లోపం ఉన్న విమానాన్ని ఎగరనివ్వకపోవడం మంచిపనే. అయితే ఆ మంచిపని ఖర్చు ఎవరిది అన్నది ప్రశ్న. వాలెంటిన్-హెర్మాన్ కేసులో 2008 డిసెంబరు 22న ఐరోపా న్యాయస్థానం దీన్నే తేల్చింది. వియన్నా నుంచి వెళ్లవలసిన విమానం ఇంజనులో లోపంతో రద్దయిన వ్యవహారం అది. విమానాలు నడిపేవారికి లోపాలు రావడం వాళ్ల వృత్తిలో మామూలు సంగతి. ఆ లోపం మామూలు నడకకు చెందనిదీ, వాళ్ల అదుపులో లేనిదీ అయితే తప్ప అసాధారణం అనకూడదు అంది. 2015లో వాన్ డెర్ లాన్స్ కేసులో ముందుగా ఊహించని విధంగా భాగాలు పాడైనా అదే మాట చెప్పింది. పక్షి ఢీకొనడం మాత్రం అసాధారణమేనని 2017లో తీర్పు వచ్చింది. సంస్థ సొంత సిబ్బంది చట్టబద్ధంగా చేసే సమ్మె అసాధారణం కాదని 2021లో వచ్చింది. అగ్నిపర్వతపు బూడిద వల్ల 2010లో ఆకాశం మూతపడినప్పుడు పరిహారం లేదు, కానీ చిక్కుకుపోయిన వారికి తిండీ వసతీ చూసే బాధ్యత రోజులు గడిచినా పోదని 2013లో చెప్పారు. ఇవన్నీ నేను రాత్రిళ్లు కూర్చుని చదివినవి. కేసుల్లో వాదనలు చదువుతుంటే వ్యసనంలా ఉంటుంది. ఒక దశలో 1200 యూరోల సంగతి మరిచిపోయాను కూడా.

ఉత్తరం మళ్లీ పొట్టిగానే రాశాను. తీర్పు పేరు, తేదీ, నా ప్రశ్న: లోపం ఏమిటి, అది మీ అదుపులో ఎలా లేదు? అసాధారణమని నిరూపించవలసిన బాధ్యత సంస్థది, మనది కాదు.

ఈ మధ్యలో అమ్మ తరఫున నేను రాయడానికి అధికారపత్రం కావాలన్నారు. ఆమె సంతకం తెలుగులో చేస్తుంది. సంతకం చదవడానికి వీలుగా లేదు అని తిప్పి పంపారు. పాస్‌పోర్టులోనూ ఇదే సంతకం, చదవగలిగిన వాళ్లు కోట్లలో ఉన్నారు అని రాద్దామనుకుని, కోపం తగ్గాక పాస్‌పోర్టు పేజీ మాత్రం జతచేసి పంపాను.

తరవాతి జవాబులో లోపం సంగతి వదిలేసి భూగోళం ఎత్తుకున్నారు. మాది ఐరోపా సంస్థ కాదు, మీరు విమానం మారింది సమాఖ్య బయట, మొదటి విమానం గమ్యానికి రెండు గంటలే ఆలస్యం, రెండోది మీరు అందుకోలేకపోయారు అన్నారు. అందుకోలేకపోయారు అన్న క్రియలో కర్త మేమే అవడం నాకు నచ్చింది. సమాఖ్య నుంచి బయలుదేరే విమానమైతే సంస్థ ఏ దేశానిదైనా నిబంధన వర్తిస్తుంది. బయటి నుంచి సమాఖ్యకు వచ్చేటప్పుడు మాత్రమే సంస్థ సమాఖ్యకు చెందినదై ఉండాలి. ఒకే బుకింగ్ అయితే ప్రయాణం మొత్తం ఒకటే. బెర్లిన్ నుంచి కాసబ్లాంకా మీదుగా అగాదిర్ వెళ్లిన ప్రయాణికురాలి కేసులో, 2018 మే 31న, మధ్యలో విమానం మారింది సమాఖ్య బయటే అయినా నిబంధన వర్తిస్తుందని న్యాయస్థానం చెప్పింది. వెగెనర్ కేసు అంటారు. ఆ సంస్థా ఐరోపాది కాదు. నా కోసమే వేశారా అన్నట్టుంది ఆ కేసు. ఆలస్యం లెక్క చివరి గమ్యం దగ్గరేనని 2013లో ఫోల్కెర్ట్స్ కేసులో అప్పటికే తేలింది. రెండు టికెట్లు విడివిడిగా కొనుక్కుని ఉంటే ఇదంతా నీళ్లపాలే.

అదే వారంలో బయలుదేరిన దేశంలో విమాన ప్రయాణికుల హక్కులు చూసే అధికార సంస్థకూ ఫిర్యాదు పెట్టాను. ఆ సంస్థలు చాలావరకు నిబంధన అమలవుతోందా లేదా చూస్తాయి, మన డబ్బు మనకు ఇప్పించడం చాలా చోట్ల వాటి పని కాదు. అయినా ఫిర్యాదు సంఖ్య ఒకటి వస్తుంది. ఆ సంఖ్యను ఉత్తరం మొదట్లో వేస్తే చదివేవారి చూపు కాస్త నిలుస్తుంది. ఇన్ని రోజుల్లో చెల్లించకపోతే బయలుదేరిన ఊరి కోర్టులో చిన్న మొత్తాల దావా వేస్తాను అని కూడా రాశాను. వేసేవాడినా? నిజంగా తెలియదు. గడువు మాత్రం ఉంది. గడువు ఎంతన్నది ఆయా దేశాల చట్టాలను బట్టి ఉంటుంది, జర్మనీలో 3 ఏళ్లు, ఇంగ్లండులో 6.

క్లెయిములు చూసిపెట్టే కంపెనీలకు ఇచ్చేయమని మా అక్క ఎప్పటినుంచో చెబుతోంది. వాళ్లు గెలిస్తేనే తీసుకుంటారు, మొత్తంలో పావు వంతు నుంచి, కోర్టుకు వెళితే సగం దాకా. తీరిక లేనివారికి తప్పు కాదు. నాకు తీరికా ఉంది, మొండితనమూ ఉంది.

ఆరో నెలలో సంస్థ దిగివచ్చింది, సగం దాకా. పరిహారం చెల్లించడానికి సిద్ధం, అయితే మీ ఆలస్యం 3 గంటల 52 నిమిషాలు, కాబట్టి ఒక్కొక్కరికి 300 యూరోలు అన్నారు. ఇది కట్టుకథ కాదు, ఇన్నాళ్లలో వాళ్లు చెప్పిన మొదటి సరైన మాట ఇదే. 3500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో ఆలస్యం మూడు, నాలుగు గంటల మధ్య ఉంటే పరిహారాన్ని సగానికి తగ్గించవచ్చు. నేనూ ఆ రోజు సమయాన్ని చక్రాలు తాకిన లెక్కలోనే మొదటి ఫారంలో రాశాను. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. పోనీలే, 600 చాలు అని అమ్మతో అన్నాను కూడా.

ఆ రాత్రే ఇంకొక తీర్పు కంటపడింది. 2014లో హెన్నింగ్ కేసు, జాల్జ్‌బర్గ్ నుంచి కొలోన్-బాన్ వెళ్లిన విమానం. చక్రాలు తాకేసరికి ఆలస్యం 2 గంటల 58 నిమిషాలు. నిలిపే చోటికి చేరేసరికి 3 గంటల 3 నిమిషాలు, ఆ వెంటనే తలుపులు తీశారు. ఏది చేరిన సమయం? కనీసం ఒక తలుపు తెరిచి, ప్రయాణికులను దిగవచ్చు అన్న క్షణమే చేరిన సమయం అని న్యాయస్థానం తేల్చింది. విమానంలో కూర్చుని ఉన్నంతసేపూ మనిషి తన పని తాను చూసుకోలేడు, ఎవరితోనూ మాట్లాడలేడు, బందీయే, అన్నది వారి తర్కం.

తలుపు. నాకు ఎక్కడో చురుక్కుమంది. ఫోను తీసి అక్కతో మాటల్లోకి నెలల వెనక్కి జరుపుకుంటూ వెళ్లాను. పెళ్లి ఫొటోలు, మందుల చీటీలు, పిల్లల పరీక్షలు దాటుకుని దొరికింది. "తలుపు తీశారు. దిగుతున్నాం." 6:38. రెండున్నర నుంచి లెక్కిస్తే 4 గంటల 8 నిమిషాలు.

దాని చిత్రాన్ని, కింద అర్థాన్ని, తీర్పు పేరును పంపి, మీ నమోదుల్లో తలుపు తెరిచిన సమయం ఎంత అని అడిగాను. పదకొండు రోజుల తరవాత ఒక్కొక్కరికి 600 యూరోలు చెల్లిస్తున్నామని రెండు వరసల ఉత్తరం వచ్చింది. తలుపు ఊసు లేదు. వాళ్ల పుస్తకంలో ఆ సమయం ఎంతో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఇదంతా ఐరోపా నిబంధన సంగతి. అమెరికాలో ఆలస్యానికి ఇలాంటి నగదు పరిహారం లేదు, దేశీయ ప్రయాణంలో 3 గంటలు, విదేశీ ప్రయాణంలో 6 గంటలు మించి మార్పు జరిగి మీరు ప్రయాణం వద్దనుకుంటే టికెట్టు డబ్బు వెనక్కి ఇవ్వాలని 2024లో నియమం తెచ్చారు. మాంట్రియల్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రయాణాల్లో ఆలస్యం వల్ల నష్టపోతే అడగవచ్చు, కానీ నష్టాన్ని రుజువు చేయాలి, రెండేళ్ల లోపు దావా వేయాలి. కనుక ఎక్కడ ఎక్కాం, ఎక్కడ దిగాం, ఏ సంస్థ నడిపింది అన్నవి ముందు కాగితం మీద పెట్టుకుంటేనే మిగతాది కదులుతుంది.

నా డబ్బు మంగళవారం జమ అయింది. అమ్మది మరో తొమ్మిది రోజులకు వచ్చింది, 600 కాదు, 582. మధ్యలో ఏదో బ్యాంకు 18 యూరోలు కోసుకుంది. పోనీలే అమ్మా, అంతా వచ్చింది కదా అన్నాను.

అమ్మ కళ్లజోడు పెట్టె మూస్తూ, "వాళ్లు ఇవ్వవలసింది 600 కదా నాన్నా" అంది.

ఉత్తరం రాశాను. ఇంకా జవాబు రాలేదు.